మా వాడు ఎలక్ట్రికల్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంటున్నాడు, అమెరికాలో హైస్కూల్ పిల్లల్ని సైట్‌లో ఏం చేయనిస్తారు?

లెవెన్త్ గ్రేడ్ అమ్మ:
అందరికీ నమస్తే. మా బాబుకి వచ్చే నెల పదిహేడు నిండుతాయి. ఎలెక్టివ్ ఏదో ఒకటి ఉండాలి కదా అని స్కూల్లో సీటీఈ (వృత్తి విద్య) కింద కన్‌స్ట్రక్షన్ క్లాసు తీసుకున్నాడు, ఇప్పుడు ఇరవైనాలుగు గంటలూ అదే ధ్యాస. వేసవిలో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ దగ్గర పెయిడ్ ఇంటర్న్‌షిప్ ఉంది, వెళ్తావా అని టీచర్ అడిగారట, వీడు ఎగిరి గంతేశాడు. మావారేమో కరెంటు పనేంటి, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అంటున్నారు. నాకు వద్దనాలని లేదు, కానీ టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకుని ఒప్పుకోవాలి? ఈ లైన్‌లో ఉన్నవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.

వైరింగ్ బాబాయి:
అమ్మా, నేను ఈ లైన్‌లోనే ఉన్నాను, కమర్షియల్ వైరింగ్. మీరు ముందు అడగాల్సింది కంపెనీ మంచిదా కాదా అని కాదు, స్కూలుకీ కాంట్రాక్టర్‌కీ మధ్య రాతపూర్వకమైన ఒప్పందం ఉందా అని. ఎందుకంటే పద్దెనిమిది లోపు పిల్లలకి ఫెడరల్ చట్టం కొన్ని పనుల్ని పూర్తిగా నిషేధించింది: రూఫ్ మీదా దాని దగ్గరా చేసే పని, నాలుగడుగులకు మించిన లోతున్న ట్రెంచ్‌లో (తవ్విన కందకంలో) పని, కరెంటుతో నడిచే సర్క్యులర్ సా, రెసిప్రొకేటింగ్ సా లాంటి కోత మెషిన్లు. అదే పిల్లవాడు స్కూలు వొకేషనల్ ప్రోగ్రామ్‌లో "స్టూడెంట్ లెర్నర్"గా నమోదై ఉంటే వీటిలో కొన్నిటికి మినహాయింపు ఉంటుంది. ఊరికే కాదు, ఆ పని శిక్షణలో భాగమై ఉండాలి, అప్పుడప్పుడు, కొద్దిసేపే చేయించాలి, అనుభవమున్న మనిషి పక్కనే నిలబడి చూడాలి, సేఫ్టీ పాఠం స్కూల్లో చెప్పి ఉండాలి, ఏ పని తర్వాత ఏ పని నేర్పుతారో వరసగా రాసి ఉండాలి. ఇవన్నీ ఆ ఒప్పందంలో ఉండాలి, కాపీ ఒకటి మీరూ తీసుకోండి. "మనవాడే కదా, పర్లేదు పంపండి" అనే కాంట్రాక్టర్ దగ్గరికి మాత్రం పంపకండి.

ఇంకోటి, చాలామంది సూపర్‌వైజర్లకే తెలియదు: సిజర్ లిఫ్ట్, బూమ్ లిఫ్ట్ (మనుషుల్ని పైకి ఎత్తేవి), ఫోర్క్‌లిఫ్ట్, స్కిడ్ స్టీర్ (సామాను, మట్టి ఎత్తే బండ్లు), వీటికి స్టూడెంట్ లెర్నర్ అయినా మినహాయింపు లేదు. నడపడమే కాదు, ఎక్కి నిలబడి పని చేయడం కూడా కుదరదు. సీలింగ్‌లో లైట్లు బిగించేటప్పుడు "రా బాబూ, ఎక్కు" అని అలవాటుగా పిలిచేస్తారు. అలా పిలిస్తే ఎక్కకూడదని మీవాడికి ముందే చెప్పి పంపండి. కూల్చివేత పని కూడా అంతే. బండి నడిపి సామాన్లు తెమ్మనడం పదహారేళ్లవాడికైతే అసలు లేదు, పదిహేడేళ్లకి కూడా పరిమితంగానే. రాష్ట్ర చట్టాలు ఇంకా గట్టిగా ఉండొచ్చు, ఏది గట్టిదైతే అదే వర్తిస్తుంది.

దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అన్నారు కదా మీవారు, న్యాయమైన ప్రశ్నే. పెయిడ్ అంటున్నారు కాబట్టి పిల్లవాడు వాళ్ల పేరోల్ మీద ఉంటాడా, వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) కవర్ అవుతుందా అని సూటిగా అడగండి. "క్యాష్ ఇస్తాం" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

లెవెన్త్ గ్రేడ్ అమ్మ:
చాలా థాంక్స్ అండీ, లిఫ్ట్ సంగతి నాకు అసలు తెలియదు. మరి ఇన్ని వద్దంటే వాడు అక్కడ చేసేది ఏముంటుంది, చీపురు పట్టుకోవడమేనా?

వైరింగ్ బాబాయి:
చీపురు పట్టాలి, అందులో దాపరికమేమీ లేదు. మొదట్లో ఫిట్టింగులు సైజుల వారీగా సర్దడం, వైరు రీళ్లు మోయడం, టేపు పట్టుకోవడం, ఇదే. కానీ బుర్రున్న పిల్లవాడు అక్కడే డ్రాయింగ్ చదవడం మొదలుపెడతాడు. నేనైతే ముందు కాండ్యూట్, అంటే వైర్లు వెళ్లే పైపు, వంచడం నేర్పుతాను, కరెంటు ఉండదు, కోత మెషిన్ అక్కర్లేదు, చేత్తో పట్టే బెండర్ చాలు. అర అంగుళం ఈఎంటీ (పల్చటి లోహపు) పైపు నేల నుంచి పన్నెండు అంగుళాలు పైకి లేవాలనుకోండి, ఆ సైజు బెండర్‌కి పన్నెండులోంచి ఐదు అంగుళాలు తీసేయాలి, అంటే పైపు చివర నుంచి ఏడు దగ్గర గీత పెట్టి, బెండర్ మీదున్న బాణం గుర్తుని ఆ గీతకి కలిపి తొక్కాలి. ముప్పావు పైపుకైతే ఆరు తీసేయాలి. అడ్డమొచ్చిన దాన్ని తప్పించి నాలుగు అంగుళాలు పక్కకి జరగాలంటే ముప్పై డిగ్రీల వంపులు రెండు వేస్తాం, గీతల మధ్య దూరం నాలుగు ఇంటూ రెండు, ఎనిమిది అంగుళాలు. ఆ రెండు ఎక్కడిది? సైన్ ముప్పై అర కదా, తిరగేస్తే రెండు. ట్రిగనామెట్రీ ఎందుకు పనికొస్తుందిరా అని విసుక్కునే పిల్లలు ఆ పైపు సరిగ్గా కూర్చున్నప్పుడు మొహం చూడాలి మీరు!

కాలేజీ ముఖ్యం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంత దూరం వచ్చి పిల్లల్ని కూలి పనికి పంపడమేంటో నాకర్థం కాదు. అదేదో కోడింగ్ క్యాంపుకి పంపండి.

వైరింగ్ బాబాయి:
కూలి పని అన్నారు, సరే. 2023 మే నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికాలో ఎలక్ట్రీషియన్ల మీడియన్ జీతం ఏడాదికి 61,590 డాలర్లు. రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్‌లో (ప్రభుత్వం దగ్గర నమోదైన, పని చేస్తూ నేర్చుకునే ప్రోగ్రామ్‌లో) చేరితే మొదటి రోజు నుంచే జీతం, ఏడాదికేడాది పెరుగుతుంది, పక్కన క్లాసులూ ఉంటాయి. ఎలక్ట్రీషియన్ల యూనియన్ ఐబీఈడబ్ల్యూ వాళ్ల ఇన్‌సైడ్ వైర్‌మన్ (భవనాల వైరింగ్) ప్రోగ్రామ్ ఐదేళ్లు, హైస్కూల్లో ఒక ఏడాది ఆల్జీబ్రా పాసై ఉండాలి, ఎంట్రన్స్‌లో ఆల్జీబ్రా, చదివి అర్థం చేసుకోవడం పరీక్షిస్తారు. లెక్కలు రానివాళ్ల పని కాదండీ ఇది. కాలేజీ వద్దని నేనెక్కడా అనలేదు, ఒక వేసవి సైట్‌లో తిరిగితే వాడు రేపు ఇంజనీరింగ్‌కి వెళ్లినా మంచిదే, గోడలో పైపు పట్టనంత ఇరుకుగా డ్రాయింగు గీసే ఇంజనీర్లతో మేం రోజూ పడుతున్నాం. అన్నట్టు 2019లో వచ్చిన సెక్యూర్ చట్టం నుంచీ 529 ఖాతాలో (పిల్లల చదువు కోసం దాచే ఖాతా) డబ్బుని రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్ ఫీజులకి, పుస్తకాలకి, పనిముట్లకి కూడా వాడుకోవచ్చు, కాలేజీ కోసమని దాచింది వృథా పోదు.

హెచ్4 నాన్న:
ఒక ముఖ్యమైన మాట ఎవరూ అనలేదు. మీ బాబు స్టేటస్ ఏంటండీ? సిటిజన్, గ్రీన్ కార్డ్ అయితే గొడవే లేదు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలకి పని చేసే అనుమతి ఉండదు, హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) కొందరు భార్యాభర్తలకే. జీతం తీసుకోకపోతే సరిపోతుందిలే అనుకుంటారు, కానీ మామూలుగా జీతమిచ్చే పని ఉచితంగా చేసినా అది ఉద్యోగం కిందికి రావచ్చు. ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) పెండింగ్‌లో ఉంటే పిల్లవాడి పేరు మీద కూడా ఈఏడీకి అప్లై చేయొచ్చు, అది చేతికొచ్చాకే చేరాలి. మేం అదీ లేనివాళ్లం కాబట్టి మా అమ్మాయి స్కూల్లో క్లాసులు మాత్రమే చేస్తోంది, ఎన్‌సీసీఈఆర్ కోర్ (నిర్మాణ పనుల మూల శిక్షణ) పూర్తి చేసింది, ఓషా పది గంటల కోర్సు కూడా. ఇవి చదువు కిందే వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఏదైనా మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగే ముందుకెళ్లండి.

లెవెన్త్ గ్రేడ్ అమ్మ:
వాడు ఇక్కడే పుట్టాడండీ, ఆ బాధ లేదు. ఓషా కోర్సు అంటే ఏంటి, ముందే చేయించాలా?

వైరింగ్ బాబాయి:
అది సైట్‌లో భద్రత మీద కోర్సు, చేయిస్తే మంచిది. ఎత్తు నుంచి పడడం, వస్తువు తగలడం, మధ్యలో ఇరుక్కోవడం, షాక్ కొట్టడం, సైట్‌లో మనుషులు ఎక్కువగా చనిపోయేది ఈ నాలుగిటి వల్లే, కోర్సులో వీటి మీదే గట్టిగా చెప్తారు. ఫెడరల్‌గా తప్పనిసరి కాదు, నెవాడా లాంటి చోట్ల తప్పనిసరి. ఆన్‌లైన్‌లో చేస్తే ఒక్క రోజులో అవ్వదు, కనీసం రెండు రోజులు, అంతకంటే తొందరగా కార్డు ఇస్తామనేది మోసం. స్కూల్లోనే పెడుతున్నారేమో ముందు టీచర్‌ని అడగండి, పెడితే విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

లెవెన్త్ గ్రేడ్ అమ్మ:
మావారికి ఇదంతా చదివి వినిపించాను, ఒప్పందం కాగితం చూశాక మాట్లాడదాం అన్నారు, అంటే సగం ఒప్పుకున్నట్టే. టూల్స్ మేమే కొనాలా? వాడు అప్పుడే పెద్ద లిస్ట్ రాసుకున్నాడు.

వైరింగ్ బాబాయి:
లిస్ట్ దాచిపెట్టమనండి. హార్డ్ హ్యాట్, కళ్లద్దాలు, పనికి కావాల్సిన గ్లవ్స్ కంపెనీయే ఇవ్వాలి. సేఫ్టీ బూట్లు మాత్రం చాలాచోట్ల మనమే కొనుక్కోవాలి. నాలుక లోపలి లేబుల్ మీద ఎఎస్‌టీఎం ఎఫ్2413 (సేఫ్టీ బూట్ల ప్రమాణం) అని, దాని పక్కన ఈహెచ్ (కరెంటు షాక్ నుంచి కొంత రక్షణ) అని ఉన్నవే తీసుకోండి. అర సైజు పెద్దవి కొనండి, ఈ వయసులో పాదాలు ఇంకా ఎదుగుతుంటాయి.