యూరప్ యాత్రకు ప్రయాణ బీమా: గుండెకు స్టెంటు ఉన్న మామగారికి ఎలాంటి పాలసీ తీసుకోవాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. మేము గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాము. వచ్చే దసరా సెలవుల్లో మా అత్తమామలను వెంటబెట్టుకొని ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ చూసి రావాలని నిశ్చయించుకున్నాము. మామగారికి 67 ఏళ్లు. ఆయన చాలాకాలంగా షుగరుకు మందులు వాడుతున్నారు. కొన్నేళ్ల క్రితం విశాఖపట్నంలో గుండెకు స్టెంటు కూడా వేశారు. అత్తగారికి బీపీ ఉంది.

వీసాకు కావలసిన బీమా పత్రాన్ని తానే తెప్పిస్తానని బరంపురంలోని మా ట్రావెల్ ఏజెంటు చెప్పారు. అది 30,000 యూరోల పాలసీ. ప్రీమియం కూడా తక్కువే. పూర్తి పాలసీ పత్రం చూపించమని అడిగితే ఒక్క పేజీ సర్టిఫికెట్ మాత్రం పంపి, వీసాకు ఇది చాలునని అన్నారు. వీసా వస్తే సంతోషమే కానీ, పరాయి దేశంలో మామగారికి అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే ఈ కాగితం ఎంతవరకు ఆదుకుంటుందన్నదే నా దిగులు. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా గానీ, ప్రభుత్వం ఇచ్చిన ఆయుష్మాన్ కార్డు గానీ అక్కడ ఏమైనా పనికివస్తాయా? పాలసీ ఎంచుకునేటప్పుడు ముందుగా ఏమేమి చూడాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం (బరంపురం నుంచి, సాధారణ బీమా రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు)

అమ్మా, మీ దిగులు సరైనదే. వీసా అధికారి చూసేది వేరు, ఆసుపత్రిలో మీకు కావలసింది వేరు. షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వీసా నిబంధన ప్రకారం బీమా మొత్తం కనీసం 30,000 యూరోలు ఉండాలి, అది షెంజెన్ దేశాలన్నింటిలోనూ చెల్లాలి, మీరు అక్కడ ఉండే రోజులన్నింటికీ వర్తించాలి, అత్యవసర వైద్యం, ఆసుపత్రి చికిత్స, రోగిని గానీ మరణిస్తే భౌతికకాయాన్ని గానీ స్వదేశానికి చేర్చే ఖర్చు అందులో ఉండాలి. స్విట్జర్లాండు యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో ఉంది కనుక మీ మూడు దేశాలకూ ఒకే పాలసీ సరిపోతుంది. అయితే మామగారికి ముందునుంచీ ఉన్న జబ్బు వల్ల ఆపద వస్తే ఆ పాలసీ డబ్బు ఇస్తుందా లేదా అన్న సంగతి ఆ ఒక్క పేజీ సర్టిఫికెట్‌లో కనిపించదు. అది పాలసీ నిబంధనల పుస్తకంలో, మినహాయింపుల భాగంలో ఉంటుంది. ఆ పుస్తకం చేతికి రాకుండా డబ్బు కట్టకండి.

ముందే ఉన్న జబ్బుల విషయంలో పాలసీలు స్థూలంగా మూడు రకాలు. కొన్ని వాటిని పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయం ఏర్పడినప్పుడు మాత్రమే, అదీ రోగి పరిస్థితి నిలకడకు వచ్చేదాకా అయ్యే ఖర్చును, చాలాసార్లు ఒక పరిమితికి లోబడి ఇస్తాయి. మరికొన్ని అదనపు ప్రీమియం తీసుకొని ఆ జబ్బులను కూడా చేర్చుకుంటాయి. మామగారికి మూడో రకం దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే రెండో రకంలో ఆ పరిమితి ఎంతో అడిగి, ఆ జవాబును ఈమెయిల్‌లో రాయించుకోండి. రెండో రకంలో కూడా గమనించవలసినది ఒకటుంది: ప్రాణం గట్టెక్కాక, వాయిదా వేయగలిగిన చికిత్సను ఇండియాకు వచ్చి చేయించుకోమంటారు. అందువల్ల రోగిని వైద్య సహాయంతో ఇంటికి చేర్చే ఖర్చుకు ఎంత మొత్తం కేటాయించారన్నది మీకు చాలా ముఖ్యం.

ఇక రెండో విషయం వయసుకు సంబంధించినది. బీమా మొత్తం లక్ష డాలర్లని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, చాలా పాలసీల్లో 60 ఏళ్లు దాటినవారికి గది అద్దె, ఐసీయూ, శస్త్రచికిత్స, అంబులెన్సు అంటూ విడివిడిగా ఉప పరిమితులు ఉంటాయి. రోజుకు ఐసీయూకు ఇంతే ఇస్తామన్న పరిమితి ఉన్నప్పుడు మిగిలినది మీ జేబులోంచి పోతుంది, మొత్తం ఎంత పెద్దదైనా ఆ సందర్భంలో ఉపయోగపడదు. ఉప పరిమితులు లేని పాలసీకి ప్రీమియం ఎక్కువే. అయినా పెద్దవాళ్ల విషయంలో నేను దానినే సూచిస్తాను. మీరు, మీ వారు వయసులో చిన్నవారు కనుక మీ ఇద్దరికీ మామూలు పాలసీ సరిపోవచ్చు. నలుగురికీ ఒకే రకం తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు.

బీమా మొత్తం ఎంత ఉండాలన్న విషయానికి వస్తే, 30,000 యూరోలు వీసాకు కనీస హద్దు మాత్రమే. స్విట్జర్లాండులో వైద్యం చాలా ఖరీదైనది. కొండల మీదనుంచి హెలికాప్టరులో దించినా ఆ ఖర్చు రోగిదే లేదా అతని బీమా సంస్థదే. పెద్దలిద్దరికీ లక్ష డాలర్లకు తగ్గకుండా తీసుకోవడం మంచిది. అమెరికా, కెనడాలను మినహాయించిన పథకం ఎంచుకుంటే ప్రీమియం గణనీయంగా తగ్గుతుంది. మీరు అటు వెళ్లడం లేదు కదా. ప్రతి క్లెయిములో మొదట మీరే భరించవలసిన మొత్తం, అంటే డిడక్టిబుల్ ఎంతో కూడా అడగండి.

ఆయుష్మాన్ కార్డు దేశం దాటితే పనిచేయదు. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా కూడా, విదేశీ చికిత్స ఉన్నదని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, ఇండియాకే పరిమితం.

పాలసీలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. మన తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ఒక చోట ముందు, మరో చోట వెనుక, ఇంకో చోట ఒక్క అక్షరంగా ఉండటం మామూలే. ఏజెంటు ఆధార్ చూసి టైపు చేస్తే వీసా దగ్గరే చిక్కు వస్తుంది.

రెండో సమాధానం (రాయగడ నుంచి, వైద్యులు)

పై పెద్దలు బీమా సంగతి చెప్పారు కనుక నేను వైద్యం వరకు చెబుతాను. ప్రయాణానికి కొద్ది వారాల ముందు మామగారిని ఆయన గుండె వైద్యుడికి చూపించి, స్టెంటు ఎప్పుడు వేశారో, ఇప్పుడు ఏ మందులు ఏ మోతాదులో వాడుతున్నారో, ప్రయాణం చేయడానికి తగిన స్థితిలో ఉన్నారో లేదో ఇంగ్లీషులో ఒక లేఖ రాయించుకోండి. మందులను బ్రాండు పేరుతో కాకుండా రసాయనిక పేరుతో రాయమనండి. అక్కడి వైద్యుడికి మన బ్రాండులు తెలియవు. వైద్యుడు వద్దన్నా వెళ్లినవారి క్లెయిమును పాలసీలు ఒప్పుకోవు కనుక ఈ లేఖ బీమాకు కూడా అక్కరకు వస్తుంది.

ఇంకొక మాట. టూరు ప్యాకేజీల్లో స్విట్జర్లాండు కొండల మీద ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ తరచుగా ఉంటుంది. ఆ రైల్వే స్టేషను సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఆక్సిజను అందడం తగ్గుతుంది. స్టెంటు ఉన్నవారు అక్కడికి వెళ్లవచ్చునా అని ఆ వైద్యుడినే సూటిగా అడగండి. ఆయన వద్దంటే ఆ రోజు మామగారిని లోయలోని ఊళ్లో విశ్రాంతిగా ఉంచండి.

మూడో సమాధానం (జయపురం నుంచి)

నమస్కారమండీ. మన ప్రాంతం నుంచి వెళ్లేవారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు రెండు ఉన్నాయి. మనకు అంతర్జాతీయ ప్రయాణం విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో మొదలవుతుంది, అక్కడిదాకా రైలో, కారో. రైలు ఆలస్యమై విమానం తప్పిపోతే పాలసీలోని "కనెక్షన్ తప్పడం" అన్న అంశం కింద డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది ఒక విమానం ఆలస్యమై దాని తరువాతి విమానం తప్పినప్పుడే వర్తిస్తుంది. అందుకే ముందురోజే విశాఖ చేరి రాత్రి అక్కడ ఉండటం ఉత్తమం.

రెండోది తుపాను. అక్టోబరు మన తీరానికి ఎలాంటి నెలో మీకు చెప్పనక్కరలేదు: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, మూడూ అక్టోబరులోనే. హుద్‌హుద్ అప్పుడు విశాఖ విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. యాత్ర రద్దు అంశంలో ప్రకృతి వైపరీత్యం ఉందో లేదో చూడండి. ఉన్నా, తుపాను హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీకి ఆ తుపాను మామూలుగా వర్తించదు. కనుక టిక్కెట్లు కొన్న వెంటనే పాలసీ కూడా తీసుకోండి. వీసా నిరాకరిస్తే ప్రీమియం వెనక్కి ఇస్తారా అన్నది ముందే అడిగి పెట్టుకుంటే తొందరపడి కొన్నామన్న భయం ఉండదు.

సామాను రాకపోతే విమానాశ్రయం వదలకముందే ఎయిర్‌లైన్ కౌంటరులో ఫిర్యాదు రాయించి, ఆ నివేదిక తీసుకోండి. అది లేకుండా క్లెయిము నడవదు. బోర్డింగ్ పాసులన్నీ దాచండి. 2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ దేశాలు పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతిని దశలవారీగా తీసివేసి కంప్యూటరు నమోదుకు మారడం మొదలుపెట్టాయి కనుక, ప్రయాణం చేసినట్లు చూపించడానికి ఆ పాసులే ఆధారం.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తులో, స్టెంటు సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుందని, ఒకవేళ పాలసీ ఇవ్వకపోవచ్చునని, రాయకుండా వదిలేయడమే మేలని ఏజెంటు అంటున్నారు. అందరూ అలాగే చేస్తారట. నిజమేనా?

మొదటి సమాధానమిచ్చిన వారు

అలా ఎంతమాత్రం చేయకండి, అమ్మా. గుండె నొప్పితో ఆసుపత్రిలో చేరిన రోగికి అక్కడి వైద్యులు మొదటి గంటలోనే పాత చరిత్ర అడుగుతారు; యాంజియోగ్రామ్‌లో స్టెంటు ఎలాగూ కనిపిస్తుంది. బీమా సంస్థ ఆ రికార్డును తెప్పించుకొని, ఫారంలో "లేదు" అని రాసిన గడిని చూపించి క్లెయిమును తిరస్కరిస్తుంది. అప్పుడు ఏజెంటు మాట ఎక్కడా నిలవదు, ఎందుకంటే సంతకం మామగారిది. ఫారం మీరే నింపండి. స్టెంటు, షుగరు, అత్తగారి బీపీ అన్నీ రాసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒక సంస్థ ఇవ్వకపోతే మరొకటి ఇస్తుంది, ప్రీమియం కొంత పెరగవచ్చు.

అన్నీ నిజం చెప్పిన తరువాత కూడా క్లెయిమును అన్యాయంగా తిరస్కరిస్తే మీకు దారి ఉంది. ముందు ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఒడిశా వారికి భువనేశ్వర్‌లోనే బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులను విచారించి పరిష్కరించే అధికారి) కార్యాలయం ఉంది. అక్కడ రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. కానీ ఫిర్యాదు చేసేటప్పుడు నిజం రాసిన ప్రపోజల్ నకలు చేతిలో ఉండాలి.

యూరప్‌లో ఆపద వస్తే ముందు అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోను చేయండి, ఆ వెంటనే పాలసీ మీద ఉన్న సహాయ కేంద్రానికి చేసి క్లెయిము నంబరు తీసుకోండి. ఆ రెండు నంబర్లు, పాలసీ నంబరు, వైద్యుడి లేఖ నకలు మామగారి జేబులో ఒకటి, అత్తగారి సంచిలో ఒకటి ఉంచండి. మీరు పక్కన లేని సమయంలో కూడా అవి వారి దగ్గర ఉండాలి.