అప్‌డేట్: దేవదూతలు, జననానికి ముందరి జీవితం

మార్మన్లు (అమెరికాలో పుట్టిన యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం వారు) చెప్పే దేవదూతలూ ఇతర క్రైస్తవులు నమ్మే దేవదూతలూ ఒకటేనా అన్న నా ప్రశ్నకు వచ్చిన జవాబులను బైబిల్ వాక్యాలతో పోల్చి చదివాను. అసలు భేదం మనిషి ఆరంభం దగ్గరే ఉంది. మనమందరం పుట్టకముందే పరలోక తండ్రికి ఆత్మ సంతానంగా జీవించామని మార్మన్లు నమ్ముతారు గనుక, వారి దృష్టిలో దూతలు మన జాతివారే. మిఖాయేలు ఆదాముగా, గబ్రియేలు నోవహుగా భూమిపై బ్రతికినవారు, 1823లో తమ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు కనిపించాడని వారు చెప్పే దూత మొరోనై కూడా ఒకప్పటి మనిషే. కాథలిక్, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ సంఘాలకు దూతలు వేరుగా సృష్టింపబడిన ఆత్మలు; మరణించిన మనిషి దూతగా మారడు.

గర్భంలో రూపింపకమునుపే నిన్ను ఎరిగితిననే యిర్మీయా 1:5ను ఒక మార్మన్ సోదరుడు ఎంతో సౌమ్యంగా ఆధారంగా చూపారు. ఆ వాక్యం దేవుని ముందెరుకను చెబుతోందే గాని, యిర్మీయా అప్పటికే జీవించి ఉన్నాడని చెప్పడం లేదని నా నమ్మకం.