థ్రిల్లర్ లో రెండో పాటని ఎవరూ పట్టించుకోరేంటి?

మెట్రో_మైనర్:
నమస్తే అందరికీ, ఇది గొడవ కోసం పెట్టిన పోస్ట్ కాదు, నిజంగానే అడుగుతున్నా. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్ లో ఉన్నవే తొమ్మిది పాటలు, అందులో ఏడు సింగిల్స్ గా, అంటే విడిగా ఒక్కో రికార్డుగా వదిలారు, ఏడుకి ఏడూ అమెరికాలో టాప్ 10 లోకి వెళ్ళాయి. మిగిలిన రెండూ, రెండో పాట బేబీ బి మైన్, చివరి పాట ద లేడీ ఇన్ మై లైఫ్. నేను ఇన్నేళ్ళూ బిల్లీ జీన్, బీట్ ఇట్ దగ్గరే ఆగిపోయిన బాపతు. మొన్న మియాపూర్ లో ఎక్కితే సీటు దొరికింది, ఎల్బీ నగర్ దాకా వెళ్ళాలి, సరే 42 నిమిషాల ఆల్బమే కదా మొదటి నుంచి విందాం అని ఇయర్‌ఫోన్స్ పెట్టా. మొదటి పాట అయ్యాక డ్రమ్స్ ఒక్కసారి దబదబమని, వెంటనే ఆ సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) మొదలైంది చూడండి, అంతే. అమీర్‌పేట వచ్చేసరికి మూడోసారి వింటున్నా, ఎల్బీ నగర్ లో దిగేటప్పుడు కూడా అదే పాట, మూడో పాటకి పోనేలేదు. ఇంత బాగున్న పాట గురించి ఒక్కడు కూడా నాకు చెప్పలేదేంటి ఇన్నాళ్ళూ? ఇది నాకొక్కడికేనా, ఇంకెవరికైనా ఉందా ఈ పిచ్చి?

సింథ్_సూరి:
నీ ఒక్కడికే కాదు తమ్ముడూ. నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తా, పెళ్ళిళ్ళు, కాలేజ్ ఫంక్షన్లు. ఈ పాట పైకి వింటే హాయిగా ఊగుతూ ఉంటది, వాయిద్దామని కూర్చుంటే తెలుస్తది దాని సంగతి. కార్డ్స్ (కలిపి వాయించే స్వరాలు) ఒక చోట నిలబడవు, గొంతు మాత్రం ఏమీ జరగనట్టు మీద జారిపోతా ఉంటది. మొదటిసారి నేర్చుకున్నప్పుడు రెండు రోజులు పట్టింది నాకు, బీట్ ఇట్ లో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ గిటార్ రిఫ్ అయితే పావుగంట. ఆల్బమ్ ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ 2018 లో ఒక ఇంటర్వ్యూలో ఈ పాట గురించే చెప్పాడు, ఇది జాజ్ శాక్సఫోన్ దిగ్గజం కోల్ట్రేన్ ని తెచ్చి పాప్ పాటలో పెట్టడమే అని, పిల్లకాయలకి బీబాప్ అనే జాజ్ పద్ధతి వినిపించామని. జాజ్ లో పుట్టి పెరిగిన మనిషి ఆయన, ఊరికే అనడు. డ్రమ్స్ ఎవరనుకున్నావ్, ఎన్‌డుగు చాన్స్‌లర్, బిల్లీ జీన్ కి వాయించిన మనిషే. అక్కడ పట్టుకుని కూర్చున్నాడు, ఇక్కడ కొంచెం వదిలాడు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని విను.

నిద్రపట్టనోడు:
నేనొప్పుకోను బాస్. పాట బాలేదని కాదు, కానీ రాక్ విత్ యూ కి తమ్ముడు లాంటిది ఇది. రెండూ రాసింది ఒక్కాయనే కదా, రాడ్ టెంపర్టన్. ముందు ఆల్బమ్ ఆఫ్ ద వాల్ లో ఆయన ఆ పని చేసేశాడు, ఇంకా బాగా చేశాడు. మాటలు కూడా మామూలే, నువ్వు నాదానివి, నేను నీవాణ్ణి, అంతకు మించి ఏం లేదు. అదే ఆల్బమ్ లో బిల్లీ జీన్ లో ఒక కథ ఉంది, భయం ఉంది. దాని పక్కన పెడితే ఇది సింగిల్ కాకపోవడంలో అన్యాయం ఏముంది? ఏడు వదిలారు, ఇంకెన్ని వదలాలి, పూర్తి భోజనంలో పెరుగన్నం కూడా విడిగా అమ్మాలా?

మెట్రో_మైనర్:
హహ పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టేనా అన్నా? అయినా మాటలు మామూలువే, ఒప్పుకుంటా. నేను ఆ మాటలు ఏంటో సరిగ్గా విన్నది ఐదోసారి. సింగిల్ చెయ్యలేదని కాదు నా బాధ, మనోళ్ళ లిస్టుల్లో కూడా ఉండదు, అదీ.

డల్లాస్_పద్దు:
పూర్తిగా ఎవరూ పట్టించుకోలేదని అనలేం లెండి, హ్యూమన్ నేచర్ సింగిల్ అమెరికాలో వచ్చినప్పుడు ఆ రికార్డు వెనక వైపు వేసింది బేబీ బి మైన్ నే. వెనక వైపు ఎంతమంది తిప్పి విన్నారో అది వేరే సంగతి. కానీ నా ఓటు మాత్రం చివరి పాటకి, ద లేడీ ఇన్ మై లైఫ్. నాకు ఆ పాట ఎలా తెలిసిందంటే, ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన కొత్తలో రూమ్మేట్ కార్లో ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జే పాట హే లవర్ మోగుతూ ఉండేది, 1995 ది. వెనకాల ఆ మెత్తటి ట్యూన్ ఏంటబ్బా అని వెతికితే తేలింది, ఈ పాటలోంచే తీసుకున్నారని. అంటే నేను మనవడిని చూసి తాతని పట్టుకున్నా అన్నమాట. అందులో చివరి రెండు నిమిషాలు వినండి, పాట అయిపోయాక కూడా మైకేల్ వదలడు, బతిమాలతాడు, మూలుగుతాడు, మళ్ళీ బతిమాలతాడు, అప్పటిదాకా ఆల్బమ్ అంతా డాన్స్ చేసిన మనిషి ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నట్టుంటుంది. అది కూడా కోసిన పాట తెలుసా? ఆల్బమ్ ఫైనల్ గా విన్నప్పుడు సౌండ్ పీలగా వచ్చిందట, ఎల్పీ రికార్డు ఒక్కో వైపు మరీ ఎక్కువ నిమిషాలు కుక్కేశారు, అన్ని నిమిషాలు పెడితే గాడి సన్నగా కొయ్యాలి, బేస్ తగ్గిపోతుంది. అందుకని పాటల్ని తగ్గించి మళ్ళీ మిక్స్ చేశారు, అందులో ఈ పాటకి ఒక చరణం పోయింది. బిల్లీ జీన్ మొదట్లో మ్యూజిక్ కూడా కొయ్యమంటే మైకేల్ ససేమిరా అన్నాడు. దీని కోసం మాత్రం ఎవరూ అంత పట్టుబట్టినట్టు లేదు.

సింథ్_సూరి:
పద్దు గారు మంచి పాయింట్. ఇంకోటి గమనించారా, సింగిల్ కాని రెండూ రాడ్ టెంపర్టన్ వే. ఆల్బమ్ కి ఆయన ఇచ్చింది మూడు పాటలు, మూడోది థ్రిల్లర్. అంటే ఒక మనిషి మూడు పాటలు రాస్తే ఒకటి ఆల్బమ్ కే పేరయ్యింది, రెండు మూలన పడ్డాయి. ఇంగ్లండ్ లో గ్రిమ్స్‌బీ అనే ఊళ్ళో చేపల ఫ్యాక్టరీలో పని చేసిన మనిషి ఆయన, తర్వాత హీట్‌వేవ్ బ్యాండ్, అక్కణ్ణించి క్విన్సీ పిలిచాడు. 2016 లో పోయాడు. ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళు కూడా తక్కువ.

బెజవాడ_టేపు:
ఆలస్యంగా చూశా ఈ పోస్ట్. పిల్లలూ, మీరు ఇయర్‌ఫోన్స్ గురించి మాట్లాడుతున్నారు, నేను 86 లో రికార్డింగ్ షాపు గురించి చెప్తా. అప్పట్లో ఖాళీ క్యాసెట్ ఇచ్చి పాటల లిస్టు రాసిస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. నేను 60 నిమిషాల క్యాసెట్ ఇచ్చి థ్రిల్లర్ మొత్తం ఎక్కించమన్నా. అది మొదటి వైపు ఇరవై నిమిషాలే వస్తుంది, రెండో వైపు ఓ ఇరవై రెండు. ఖాళీ వదిలితే షాపాయనకి మనసొప్పలేదు కాబోలు, మిగిలిన చోటల్లా తెలుగు పాటలు నింపేశాడు. మొదటి వైపు చివర థ్రిల్లర్ పాట అయిపోయి, ఆ నవ్వు ఉంటది కదా, అది అయిన మరుక్షణం చిరంజీవి దొంగ సినిమాలో గోలీమార్! ఆయన తెలిసి చేశాడో తెలీక చేశాడో గానీ ఇంతకన్నా సరిగ్గా ఎవరూ అతకలేరు, ఆ పాట థ్రిల్లర్ వీడియో చూసి తీసిందేనని ఊరందరికీ తెలుసు. ఇంట్లో మా అమ్మకి మైకేల్ జాక్సన్ అంటే గోలీమార్ ముందొచ్చే అరుపులాయన, అంతే. ఇక అసలు విషయానికొస్తే, ఆ రోజుల్లో పాట దాటెయ్యాలంటే ఫార్వర్డ్ నొక్కి అంచనాగా ఆపాలి, టేపు సాగుద్దని భయం, అందుకని రెండో పాట కచ్చితంగా వినాల్సిందే. నచ్చింది అని నేను ఎప్పుడూ అనుకోలేదు, కానీ ఇప్పుడు ఈ పోస్ట్ చదువుతుంటే సింథ్ దగ్గర్నుంచి చివరిదాకా మొత్తం బుర్రలో నడిచింది, ఒక్క చోట కూడా తడబడలేదు.

నిద్రపట్టనోడు:
ఇది చదివాక మళ్ళీ విన్నా, రెండుసార్లు. రాక్ విత్ యూ నే బెటర్, మాట మార్చను. కానీ ఆ మధ్యలో ఇత్తడి వాయిద్యాలు వచ్చే చోటు... సరే, ఒక మార్కు వేస్తున్నా.

మెట్రో_మైనర్:
టేపు గారూ, ఆ క్యాసెట్ ఇంకా ఉందా అండీ? ఫోటో పెట్టండి ప్లీజ్, షాపాయన చేత్తో రాసిన లిస్టు చూడాలనుంది.

బెజవాడ_టేపు:
క్యాసెట్ ఉంది బాబూ, లిస్టులో బేబీ బి మైన్ కి ‘బేబీ బీమన్’ అని రాశాడు, రేపు ఫోటో పెడతా. ప్లేయరే పాడైంది, లోపల రబ్బరు బెల్టు తెగింది. బెజవాడలో ఇంకా ఇవి బాగుచేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి.