ఎంపీలను తోటలు తిప్పి చూపిస్తే వ్యవసాయ పరిశోధన బాగుపడుతుందా? (ఉగాండా అరటి సంగతి)

పొలంగట్టు:
ఆఫ్రికాలో వ్యవసాయ పరిశోధన ముందుకు సాగాలంటే ఎంపీలను కలుపుకుపోవాలని ఎక్కడ చూసినా ఇదే మాట. ఉగాండాలో తోటలు తిప్పి చూపించి కలుపుకున్నారుగా, ఏం ఒరిగింది? జన్యుమార్పిడి పంటల బిల్లు 2017 అక్టోబరులో పాసైంది. అధ్యక్షుడు ముసెవెని సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. 2018 నవంబరులో సవరించి మళ్లీ పాస్ చేశారు, మళ్లీ వెనక్కే. అంతా బూడిదలో పోసిన పన్నీరు. ఆ టైమేదో శాస్త్రవేత్తలు ల్యాబులో గడిపితే నయం కదా?

కంపాలా బాబాయ్:
ఉగాండాలోనే ఉంటున్నా కాబట్టి చెప్తున్నా. మనకు అన్నం ఎలాగో వీళ్లకు మటోకే అరటి అలాగ. 2001లో బ్యాక్టీరియా ఎండు తెగులు బయటపడింది. బోదె కోస్తే పసుప్పచ్చ జిగురు కారుతుంది. కాయ పైకి ముందే పండినట్టుంటుంది, విప్పితే లోపల తుప్పు రంగు. కొడితే పోయే మందు లేదు. పంగలకర్రతో మగపువ్వు విరిచెయ్యాలి, ఒక చెట్టు నరికిన కత్తిని మంటలో కాల్చాకే ఇంకో చెట్టు ముట్టాలి. ఇక్కడి కవాండా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో క్యాప్సికం జన్యువు పెట్టి ఈ తెగులును తట్టుకునే అరటి తయారు చేశారు. చట్టం లేనిదే అది రైతు చేతికి రాదు. ల్యాబులో కూర్చుంటే చట్టం ఎవరు చేస్తారయ్యా?

ఎర్రనేల:
రెండోసారి పాసైన బిల్లు చదివారా? పంటవల్ల నష్టం జరిగితే, తప్పున్నా లేకున్నా బాధ్యత ఆ పంటపై పేటెంట్ హక్కున్నవాళ్లదే అని చేర్చారు. దానికి శాస్త్రవేత్తలు లబోదిబోమన్నారు. దేశవాళీ విత్తనం కాపాడుకొచ్చిన వాళ్ల మాటేమిటని ముసెవెని వేసిన ప్రశ్న కూడా తప్పుకాదు. కలుపుకోవడమంటే తలూపించుకోవడం అనుకుంటే ఎలా?

పొలంగట్టు:
రెండుసార్లు తిరిగొచ్చిన బిల్లును మూడింట రెండొంతుల మందితో మూడోసారి పాస్ చేస్తే అక్కడ అధ్యక్షుడి సంతకమే అక్కర్లేదు, రాజ్యాంగంలోనే ఉంది. చేశారా మరి?

కంపాలా బాబాయ్:
సభలో మెజారిటీ ఆయన పార్టీదే. ఎవరు చెయ్యెత్తుతారు లెండి.

పద్దుల పంతులు:
జన్యువుల గొడవ కాసేపు పక్కన పెట్టండి. 2003లో మొజాంబిక్‌లోని మపుటోలో ఆఫ్రికా దేశాధినేతలు బడ్జెట్లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామన్నారు. 2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో మళ్లీ అదే మాట. చాలా దేశాలు ఆ గీత దాటనేలేదు. మాటిచ్చింది అధినేతలు, పద్దు పాస్ చేసేది పార్లమెంట్లు. అందుకని ఎంపీని తోటకు కాదు, కమిటీ గదికి పిలవండి. వ్యవసాయ పద్దులో ఎరువుల సబ్సిడీ ఎంత, పరిశోధనకు మిగిలిందెంత అని అడిగించండి. మలావీలో ఏళ్ల తరబడి వ్యవసాయ పద్దులో సింహభాగం సబ్సిడీయే మింగింది.

ఎర్రనేల:
ఎరువు బస్తాకు ఓట్లు రాలతాయి పంతులు గారూ. పదేళ్లకొచ్చే విత్తనానికి రాలవు. ఎంపీ ఎందుకు అడుగుతాడు?

పద్దుల పంతులు:
వాళ్ల నియోజకవర్గంలో అరటి ఎండిపోతుంటే అడుగుతాడు. అడగడానికి చేతిలో లెక్కలుండాలి. శాస్త్రవేత్తలు ఇవ్వాల్సింది అవి. ఫలానా ప్రయోగం నిధుల్లేక ఆగిపోయింది, పూర్తి కావాలంటే ఇంత కావాలి అని ఒక్క పేజీ. బస్సెక్కించి తిప్పడం, భోజనాలు, ఫొటోలు అయితే ఎంపీలకే కాదు, ఎవరికైనా ఇష్టమే.