వెండి డెనారియస్: ఈ "ఆంటోనినస్" ఎవరు?

నల్లరేగడి:
ఇది డెనారియస్, అంటే పాత రోమన్ వెండి నాణెం. బరువు 3.12 గ్రాములు, అడ్డుకొలత 18–19 మి.మీ. బొమ్మ వైపు కుడికి తిరిగిన కుర్రవాడి తల, ఆకుల దండ, గడ్డం లేదు. రాత: "ఆంటోనినస్ పియస్ ఆగ్". బొరుసు మీద డాలు, ఈటెతో నిలబడ్డ సైనికుడు. చుట్టూ "పాంటిఫ్ టీఆర్‌పీ", ఆ తర్వాత ఒక వీ, నాలుగు నిలువు గీతలు, చివర "సీఓఎస్" పక్కన రెండు గీతలు. నీటిలో తూచితే సాంద్రత 9.75 వచ్చింది. వెండికి 10.49 ఉండాలి కదా, నకిలీ అనుకోవాలా? అసలుదైతే రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పియస్ (పాలన క్రీ.శ. 138–161) ఖాతాలో రాయవచ్చా?

తూకంరాయి:
ఆయనది కాదు. మాటల వరుస చూడండి. ఆంటోనినస్ పియస్ నాణేల మీద సాధారణంగా "ఆంటోనినస్ ఆగ్ పియస్ పీపీ" అని ఉంటుంది, "ఆగ్" (ఆగస్టస్, చక్రవర్తి బిరుదు) ముందు, "పియస్" వెనక. "పియస్ ఆగ్" అని తిరగబడితే అది సెవెరస్ వంశం. మార్కస్ ఆరేలియస్‌ది "ఎం ఆంటోనినస్ ఆగ్". ఇక మిగిలింది ఆంటోనినస్ పేరే పెట్టుకున్న సెవెరస్ వంశపు చక్రవర్తులు కారకల్లా, ఎలగబాలస్. ఎలగబాలస్ రాత ఎక్కువగా "ఇంప్" (ఇంపరేటర్)తో మొదలవుతుంది, బొరుసు ఖాళీలో తరచూ ఒక నక్షత్రం కనిపిస్తుంది. కారకల్లాకు 213 నుంచి చివర "జెర్మ్" (జెర్మానికస్ బిరుదు) చేరుతుంది. మీ దానిలో అది లేదు, కాబట్టి అంతకుముందుదే.

కాసులపేరు:
ముఖం చూసి పేరు పెట్టేయడం దగ్గరే చాలామంది తప్పుతారు. కారకల్లా పిల్లవాడిగా ఒక రకం, పెద్దయ్యాక గడ్డంతో, ముడిపడ్డ కనుబొమలతో ఇంకో రకం. కుర్ర ముఖాలు ఎలగబాలస్‌తో కలిసిపోతాయి. అంకెలు అలా మోసం చేయవు.

టీఆర్‌పీ అంటే ట్రిబ్యూన్ అధికారం, చక్రవర్తికి ఏటా కొత్తగా లెక్కకు వచ్చేది. వీ పక్కన నాలుగు గీతలంటే తొమ్మిది. రోమన్లు తొమ్మిదిని ఇలా కూడా రాసేవారు, అచ్చు తప్పు కాదు. ఎలగబాలస్ పాలన 218 నుంచి 222 దాకానే, ఆయన లెక్క ఐదు దాటదు. కారకల్లాకు మొదటిది 198, తొమ్మిదోది 206. "సీఓఎస్" పక్కన రెండు గీతలంటే రెండోసారి కాన్సల్ (రోమ్‌లో ఉన్నత పదవి), అది 205లో. రెండూ కలిశాయి. పైగా "పాంటిఫ్" (పూజారి) పక్కన "మాక్స్" (ప్రధాన) లేదు. ప్రధాన పూజారి పదవి తండ్రి సెప్టిమియస్ సెవెరస్ దగ్గర ఉంది, 211లో ఆయన పోయాకే కొడుకుకు వచ్చింది. బొరుసు మీద ఉన్నది యుద్ధ దేవుడు మార్స్. రోమన్ నాణేల పట్టిక ఆర్‌ఐసీ నాలుగో సంపుటంలో కారకల్లా 83వ నంబరుతో పోల్చి చూడండి. అమెరికన్ న్యుమిస్మాటిక్ సొసైటీ వారి ఆన్‌లైన్ పట్టిక ఓసీఆర్‌ఈలో ఫోటోలు ఉచితంగానే చూడవచ్చు.

నాలుగో శతాబ్దపు సిలిక్వాల (తర్వాతి కాలపు రోమన్ వెండి నాణేల) దగ్గర మాత్రం ఇంకో జాగ్రత్త. బొరుసు అడుగున "టీఆర్‌పీఎస్" అని ఉంటే అది ట్రియర్ టంకశాల గుర్తు, అధికారపు సంవత్సరం కాదు.

రాగిరేకు:
సాంద్రత సంగతి. సెవెరస్ 194–195 ప్రాంతంలో డెనారియస్‌లో వెండిని సుమారు సగానికి దించేశాడు. సగం వెండి, సగం రాగి అయితే లెక్క 9.67 వస్తుంది. మీ 9.75 దానికి దగ్గరే, బెంగ అక్కర్లేదు. అదే 9.75 తొలి చక్రవర్తులు ఆగస్టస్ లేదా టైబీరియస్ నాణేనికి వస్తే అనుమానించాలి, వాటిలో వెండి దాదాపు స్వచ్ఛం, బరువు 3.7–3.9 గ్రాములు. రాగి ముద్ద మీద వెండి రేకు కప్పిన పూత నాణేలు ఆ కాలంలోనూ ఉన్నాయి. అరిగిన చోట, అంచు చీలికల్లో పచ్చని చిలుము బయటపడుతుంది.

కొలత తప్పే చోటు ఇది: 3.12 గ్రాముల నాణెం పక్కకు తోసే నీరు 0.32 గ్రాములే. తక్కెడ 0.01 అటూ ఇటూ అయితే జవాబు 9.45 నుంచి 10.06 దాకా మారుతుంది. గిన్నెలో నీటితో తక్కెడను సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో వేలాడదీయాలి. అడుగుకు, గోడకు తగలకూడదు. నీటిలో ఒక్క చుక్క డిటర్జెంట్ కలపండి, గాలి బుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువ చూపిస్తుంది. ఐదుసార్లు తూచి సగటు తీయండి.

నల్లరేగడి:
అంచు చుట్టూ గీత లేదు, రెండు చోట్ల చిన్న చీలికలు ఉన్నాయి. అక్షరాల సందుల్లో నల్లటి పొర. తోమవచ్చా?

రాగిరేకు:
పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, నాణెం ఖాళీ భాగం మీద సన్నని పొక్కులు, మెత్తబడ్డ అక్షరాలు ఉంటాయి. చీలికలు సుత్తి దెబ్బకు వచ్చినవి, మంచి గుర్తే. తోమకండి. వెండి కంచాలకు వాడే విభూతి, చింతపండు, నిమ్మరసం ఏవీ దగ్గరికి రానీయవద్దు. నల్ల పొర కిందే అక్షరాల అంచులు భద్రంగా ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని కుంచెతో మట్టి మాత్రమే తీయండి. బల్ల మీద వేసి మోగించి చూడటం అసలే వద్దు, పాత వెండి లోపల పెళుసెక్కి ముక్కలైపోతుంది.

తూకంరాయి:
దొరికిన చోటు కూడా రాసి ఉంచండి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలో బయటపడినవి ఆగస్టస్, టైబీరియస్ డెనారియస్‌లు. మన దేశంలో దొరికిన వెండిలో ఎక్కువ భాగం ఈ ఇద్దరివే, నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో బరువు తగ్గించాక వచ్చినవి బాగా అరుదు. అందుకే కారకల్లా డెనారియస్ "కృష్ణా ఒడ్డున దొరికింది" అని అమ్మేవారిని ఆధారం అడగాలి. నిజంగా నేలలో దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి.

నల్లరేగడి:
మళ్లీ ఐదుసార్లు తూచాను, సగటు 9.7. కాగితపు కవరు మీద "కారకల్లా, 206, మార్స్, 3.12 గ్రా." అని రాశాను.

కాసులపేరు:
రాత పూర్తిగా, గీతలతో సహా రాయండి. రేపు ఎవరైనా సంవత్సరాన్ని మళ్లీ సరిచూడాలంటే అదే ఆధారం. పీవీసీ సంచిలో మాత్రం పెట్టకండి, ఏళ్లు గడిచేకొద్దీ పచ్చగా జిగురు పట్టి వెండిని తినేస్తుంది.