12 అడుగుల అల్యూమినియం పడవ: మధ్య బల్ల కోసి డెక్ వేయాలా, వద్దా?

పెరంబూరు గాలం
అందరికీ నమస్కారం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న అల్యూమినియం పడవ కొన్నాను. పొడవు 12 అడుగులు, అంచుల దగ్గర వెడల్పు 4 అడుగులు, అడుగు బల్లపరుపు. వెల్డింగ్ చేసింది కాదు, రివెట్లు కొట్టింది. ఉత్త పడవ 60 కిలోలు. నేనూ మా బావమరిదీ చెరో వైపు పట్టుకుని కారు మీది క్యారియర్‌కి ఎక్కించగలుగుతున్నాం. ముందొకటి, మధ్యలో ఒకటి, వెనకొకటి, మొత్తం మూడు అడ్డబల్లలు. వెనక పలక మీద తయారీవాళ్ళ ప్లేటు ఉంది: మనుషులు, మోటారు, సామాను అన్నీ కలిపి 230 కిలోలు.

నా ప్లాన్ ఇది. మధ్య బల్ల కోసేసి, ముందు బల్ల ఎత్తున సగం పడవ దాకా 12 ఎం.ఎం. ప్లైతో డెక్, అంటే నిలబడే అరుగు వేయాలి. పైన కార్పెట్, ముందు కొనకి ట్రోలింగ్ మోటారు (చప్పుడు లేకుండా మెల్లగా నడిపే బ్యాటరీ మోటారు), డెక్ కింద 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు. వెనక 5 హెచ్‌పీ పెట్రోలు మోటారు ఎలాగూ ఉంది. ఆదివారాలు పులికాట్ సరస్సు వైపు వెళ్ళి, నిలబడి పండుగప్పకి ల్యూర్ (బొమ్మ ఎర) వేయాలని ఆశ. బావమరిది వద్దంటున్నాడు. రెండు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ. పడవలో పని చేసినవాళ్ళు ఒక మాట చెప్పండి.

నిలబడి వేసేవాణ్ణి
కోసేయండి, ఆలోచించకండి. నాది 14 అడుగులది, రెండేళ్ళ క్రితం ఇదే పని చేశాను. బల్ల మీద కూర్చుని ల్యూర్ వేస్తే మోచేయి మోకాలికి తగులుతుంది, చేప లాగినప్పుడు లేవబోతే అడుగునున్న అడ్డపట్టీ కాలికి తగిలి బోర్లా పడతాం. నిలబడితే నీళ్ళలోకి చూపు ఆనుతుంది, రొయ్యపిల్లలు ఎగిరే చోటు దూరం నుంచే కనబడుతుంది. ఇంకోటి, చప్పుడు. అల్యూమినియం పడవంటే డప్పే. ప్లయర్ చేజారి అడుగున పడిందంటే ఆ చుట్టుపక్కల చేప అనేది ఉండదు. డెక్, కార్పెట్ వేశాక ఆ బాధ పోయింది.

అంబత్తూరు ఫిట్టర్
నేను వెల్డింగ్ పని చేస్తాను, అల్యూమినియం ట్యాంకులు, అప్పుడప్పుడు పడవలు. పై అన్నగారు చెప్పిన సుఖాలన్నీ నిజమే. కానీ ఆయనది 14 అడుగులు, మీది 12. ఆ రెండడుగుల్లోనే చాలా తేడా ఉంది.

మధ్య బల్ల కూర్చోవడానికి మాత్రమే ఉందనుకోకండి. ఆ పల్చటి రేకు గోడలు రెండూ విచ్చుకోకుండా, లోపలికి నొక్కుకుపోకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని కోసేసి చిన్న అలల్లో తిరిగితే గోడలు ఊపిరి తీసినట్టు ఆడతాయి. ముందు రివెట్లు వదులవుతాయి, తర్వాత కారుతాయి. ఎక్కడ కారుతోందో తెలియాలంటే పడవని రెండు స్టూళ్ళ మీద పెట్టి లోపల నీళ్ళు పోయండి, కింద తడి ఎక్కడ పుడితే అదే రివెట్. మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి, ఏం చేసినా చేయకపోయినా ముందు ఈ పని చేయండి.

రెండోది, ఆ బల్ల లోపల ఫోమ్ ఉంటుంది. తట్టి చూడండి, డొల్లగా మోగదు. బల్ల మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుంటే 3 ఘనపుటడుగులు, అంటే దాదాపు 85 లీటర్లు. నీళ్ళలో ముంచితే 80 కిలోలు పైకి తోస్తుంది. మీ 60 కిలోల రేకు నీళ్ళలో మునిగాక బరువు 38 కిలోలే. లెక్క చూడండి: పడవ నిండా నీళ్ళొచ్చినా అడుక్కి పోకుండా, మీరు పట్టుకుని వేలాడ్డానికి ఏదో ఒకటి పైన మిగలడంలో పెద్ద వాటా ఆ బల్లదే.

పెరంబూరు గాలం
తట్టి చూశాను, నిజంగానే మొద్దుగా మోగింది. అదే ఫోమ్‌ని డెక్ కింద నింపేస్తే సరిపోదా? మా వీధిలో థర్మాకోల్ షాపు ఉంది.

అంబత్తూరు ఫిట్టర్
థర్మాకోల్ వద్దండీ. పెట్రోలు తగిలితే కరిగి జిగురైపోతుంది, మీ పడవలో పెట్రోలు ట్యాంకు ఉంది. నీళ్ళు పీల్చని రకం ఫోమ్ వాడాలి. అయినా అసలు చిక్కు వేరే. ఫోమ్ ఎక్కడుందన్నది ముఖ్యం. నేల కింద ఫోమ్ పెట్టి పైన బరువులు పెడితే, పడవలో నీళ్ళు నిండిన రోజున ఫోమ్ పైకి రావాలని చూస్తుంది, పడవ తిరగబడుతుంది. ఫోమ్ పక్క గోడల్లో, పైకి ఉండాలి. అందుకే దాన్ని బల్లల్లో పెడతారు.

నిలబడి వేసేవాణ్ణి
మరీ భయపెడుతున్నారు. ఎంతమంది కోయడం లేదు? కోసిన చోట రెండు వైపులా యాంగిల్ వేసి, డెక్ ఫ్రేమ్‌నే గోడలకి బిగిస్తే బల్ల చేసే పని అదే చేస్తుంది. లైఫ్ జాకెట్ ఎలాగూ వేసుకుంటాం కదా.

తడ దగ్గర నుంచి
నాకు వెల్డింగులూ ఫోములూ తెలీదు. మా నాన్న పులికాట్‌లో వల వేసి మమ్మల్ని పెంచారు, ఆ నీళ్ళు తెలుసు. 2004 సునామీ తర్వాత ఈ తీరమంతా ఫైబర్ పడవలే. వాటిలో ఎవడూ కార్పెట్ వేయలేదు, నిలబడే వల విసురుతారు. ఎక్కడ నిలబడతారు? అడుగున, కాళ్ళు ఎడంగా పెట్టి. అంచు తొడ దాకా వస్తుంది, తూలితే పట్టుకోవడానికి అదే ఆసరా. నువ్వు ఆ అంచుని పాదాల దాకా దించి, దాని పైన నిలబడతానంటున్నావు తమ్ముడూ.

ఇంకో సంగతి. సరస్సులో చాలా చోట్ల నడుం లోతు కూడా ఉండదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి అటూ ఇటూ వేసవిలో చూడు, నీళ్ళుండవు, తెల్లగా ఉప్పు నేల. ఇసుకలో కూరుకుంటే దిగి తోయాల్సిందే. 60 కిలోల పడవని తోస్తావు. నువ్వు చెప్పినవన్నీ ఎక్కించాక తోయగలవా? అన్నిటికంటే పనికొచ్చేది పొడుగాటి వెదురు గడ. దాన్ని పెట్టుకోవడానికి అంచున రెండు కొక్కేలు వేయించుకో, అదీ నేను చెప్పే డెక్కు.

మా వాళ్ళ వలలుండే చోట మాత్రం మోటారు తిప్పకు. పళవేర్కాడు (సరస్సుకి తమిళనాడు వైపున్న ఊరు) వైపు ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో పాడు పద్ధతిలో వంతులుంటాయి. ఆదివారం సరదాకి వచ్చినవాడి ఫ్యాన్‌లో ఒకడి వల చుట్టుకుంటే ఆ రోజు వాళ్ళింట్లో కూడు ఉండదు.

నిలబడి వేసేవాణ్ణి
వలల సంగతి ఒప్పుకుంటాను. లోతు సంగతి మాత్రం ఒప్పుకోను. అంత వెడల్పాటి అడుగున్న పడవ 30 కిలోలకి ఒక సెంటీమీటరు దిగుతుందేమో. డెక్, బ్యాటరీలు కలిపి 110 కిలోలు వేసుకున్నా నాలుగు సెంటీమీటర్లు. దానికింత రాద్ధాంతమా?

బావమరిది పక్షం
నేను ఆ బావమరిదిని కాదు, పేరు సరదాకి పెట్టుకున్నాను. ఆ 110కి మిగతావి కూడా కలుపుదాం. ప్లై 23 కిలోలు, ఫ్రేమ్ 12, కార్పెట్ 3, బ్యాటరీలు 56, ట్రోలింగ్ మోటారు 12, వైర్లూ అవీ 4. వెనక మోటారు 25. మనుషులిద్దరు 150. పెట్రోలు, లంగరు, నీళ్ళ సీసాలు, పులిహోర డబ్బా 15. మొత్తం 300. ప్లేటు మీద ఉన్నది 230. ఇంకేం మాట్లాడాలి?

రెండు బ్యాటరీలెందుకో కూడా అర్థం కాలేదు. 55 పౌండ్ల తోపు బలం ఉన్న ట్రోలింగ్ మోటారు ఫుల్ స్పీడులో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి కాబట్టి ఒక్కో బ్యాటరీ గంటలో అయిపోతుంది, నిజమే. కానీ ల్యూర్ వేసేటప్పుడు ఫుల్‌లో ఎవరు తిప్పుతారు? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్ ఒక్కటి కొనండి, 12 కిలోల్లో పోతుంది, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. ఖరీదే, కానీ 44 కిలోలు దిగుతాయి.

వైర్ల గురించి ఒక అనుభవం. మా పడవకి వైరింగ్ చేయమని ఒక కారు ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చాను. అలవాటు ప్రకారం నెగటివ్ వైరు తీసుకెళ్ళి పడవ బాడీకి బిగించేశాడు. కారులో అది సబబు. ఉప్పునీళ్ళలో అల్యూమినియం పడవకి అది నెమ్మదిగా విషం పెట్టడమే. నాలుగు నెలల్లో అడుగున పెసరగింజంత గుంటలు, లోపల తెల్లటి పొడి. రెండు వైర్లూ బ్యాటరీ దాకా రావాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. రిచీ స్ట్రీట్‌లో వైరు కొనేటప్పుడు లోపలి తీగకి తగరం పూత ఉన్నది అడగండి, ఎర్రగా మెరిసేది వద్దు.

అంబత్తూరు ఫిట్టర్
చాలా మంచి మాట చెప్పారు. ప్లై గురించి కూడా అదే భయం. ఐఎస్ 710 మెరైన్ ప్లై అని అడిగితే చెదలు, బూజు పట్టకుండా మందు పట్టించినది ఇస్తారు. ఆ మందులో రాగి లవణాలుంటే, తడిసినప్పుడు అల్యూమినియాన్ని తింటాయి. పైన కార్పెట్ ఆ తడిని ఆరనివ్వదు. ఉప్పు, చేప జిడ్డు, మన చెమట అన్నీ పట్టి మూడో వారానికి వచ్చే వాసన గురించి ఇంట్లో ఆడవాళ్ళని అడగండి.

3 ఎం.ఎం. అల్యూమినియం రేకు కూడా ఒక షీటుకి ప్లై అంత బరువే, 24 కిలోలు. కింద యాంగిల్ దగ్గర దగ్గరగా వేస్తే 2 ఎం.ఎం. చాలు, 16 కిలోలు. నీళ్ళు తాగదు, కుళ్ళదు. ఉప్పునీళ్ళకి తట్టుకునే 5052 గ్రేడ్ అడగండి. స్టెయిన్‌లెస్ బోల్టు వేసిన చోటల్లా, రెండు లోహాలూ నేరుగా తగలకుండా నైలాన్ వాషర్ వేయండి. పైన కార్పెట్ బదులు ఈవీఏ ఫోమ్ షీట్ (చెప్పుల అడుగుకి వాడే మెత్తటి రకం) అంటించండి, చప్పుడూ పోతుంది, మే నెలలో పాదాలూ కాలవు. అన్నట్టు ముదురు రంగు పెయింట్ వేయకండి. చెన్నై ఎండలో పడవ దోసెల పెనం అవుతుంది.

కొత్త సభ్యుడు
అమెరికా వీడియోల్లో ఇలాంటి పడవలకే గడ్డి, మభ్యపెట్టే గుడ్డ కట్టి బాతుల వేటకి వెళ్తున్నారు. ఆ సెట్టింగ్ కూడా చేయించుకుంటే?

తడ దగ్గర నుంచి
బాబూ, పులికాట్ పక్షుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, జైలుకి పోతావు. ఆ మాట ఇక్కడితో ఆపు. గాలం వేసేవాళ్ళు కూడా హద్దు ఎక్కడిదాకా ఉందో అటవీశాఖ వాళ్ళని అడిగే దిగండి.

నిలబడి వేసేవాణ్ణి
సరే, మాటలతో తేలదు. పెరంబూరు గారూ, కోయక ముందే పరీక్ష చేసుకోండి. ముందు బల్ల నుంచి మధ్య బల్ల దాకా గట్టి పలకలు పరిచి తాడుతో కట్టండి, అదే డెక్ ఎత్తు. బరువు కోసం 20 లీటర్ల బబుల్‌టాప్ క్యాన్లు నింపి పెట్టండి, ఒక్కోటి 20 కిలోల పైనే. ఛాతీ లోతు మించని నీళ్ళలో, జాకెట్లు వేసుకుని. నిలబడి చూసి చెప్పండి. నేనే కరెక్ట్ అని తేలుతుంది.

పెరంబూరు గాలం
చేశాం. గుమ్మిడిపూండి దగ్గర స్నేహితుడి చేపల చెరువులో, నిన్న ఉదయం.

ముందు ఉత్త పడవ. వెనక మోటారు, బావమరిది వెనక బల్ల మీద. నేను మధ్యలో అడుగున నిలబడి, జానెడు పక్కకి జరిగాను. అంచు ఒరిగింది, ఆగింది. ల్యూర్ వేసినట్టు చేయి విసిరాను, భయం వేయలేదు.

తర్వాత పలకలు కట్టి, ఆరు క్యాన్లు పైన పెట్టి, నేనూ పైకెక్కాను. పడవ పెద్దగా మునగలేదు, ఆ విషయంలో నిలబడి వేసే అన్న లెక్క కరెక్టే. కానీ అదే జానెడు పక్కకి జరగ్గానే పడవ ఒరిగి, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, ఇంకా ఒరిగింది. అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడే మిగిలింది. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. బావమరిది ఏమీ అనలేదు, రెండు చేతులతో బల్ల పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

నిలబడి వేసేవాణ్ణి
క్యాన్లు పైన పెట్టారు కదా! బ్యాటరీలు అడుగున ఉంటాయి. ఇది సరైన పరీక్ష కాదు.

పెరంబూరు గాలం
అది కూడా అనుకునే మళ్ళీ చేశాం అన్నా. లిథియం బ్యాటరీ, పల్చటి రేకు వేసుకున్నట్టు లెక్కేసి మూడు క్యాన్లే, పలకల కింద అడుగున. బాగా మెరుగైంది, ఒరిగి ఆగింది. అయినా ఉత్త పడవలో ఉన్న ధైర్యం రాలేదు. పెద్ద చేప పడి పక్కకి లాగితే నేను కాళ్ళు చూసుకుంటానా, చేపని చూసుకుంటానా?

కాబట్టి మధ్య బల్ల ఉంటుంది. ముందు బల్లకీ ముందు కొనకీ మధ్య ఉన్న ఖాళీని 2 ఎం.ఎం. రేకుతో మూయిస్తాను, కూర్చునే చోటు, కింద పెట్టె. అడుగున పట్టీల మధ్య ఈవీఏ. ఒక్క లిథియం, ట్రోలింగ్ మోటారు వెనక పలకకే. అంచున గడకి రెండు కొక్కేలు. ఫిట్టర్ గారూ, ఈ శనివారం పడవ తెస్తే చూస్తారా? నీళ్ళు పోసి చూశాను, రెండు రివెట్లు చెమర్చుతున్నాయి.

అంబత్తూరు ఫిట్టర్
తీసుకురండి. మధ్యాహ్నం తర్వాత అయితే ఖాళీ.

నిలబడి వేసేవాణ్ణి
నా మాట ఇప్పటికీ అదే, కూర్చుని పండుగప్ప పట్టడం నా వల్ల కాదు. ఇది అమ్మేసి 14 అడుగులది కొనండి.

పెరంబూరు గాలం
అది కారు మీదికి ఎక్కదన్నా. అపార్ట్‌మెంట్లో ట్రైలర్‌కి చోటూ లేదు. ప్రస్తుతానికి నా టెన్షన్ వేరే: ఆరు క్యాన్లకీ చెరువు బురద పట్టింది, నీళ్ళవాడు డిపాజిట్ ఇవ్వనంటున్నాడు.