పిల్లల బొమ్మల ఫోటోల్లో రంగులు మారిపోతున్నాయి, ఎవరైనా చెప్పండి

డ్రాయింగ్ టీచర్, తిరుపతి: పొద్దున్నుంచి ఇదే పని, తల వాచిపోయింది. మా పిల్లలు వేసిన బొమ్మల్ని ఫోటో తీసి వాట్సాప్‌లో చిత్తూరులోని ఇంకో స్కూలుకు పంపుతాం. వాళ్లు చూసి తోచింది రాస్తారు, వాళ్లవి మాకు పంపుతారు. ఫోటోల్లో రంగులు నీలంగా, జీవం లేనట్టు వస్తున్నాయి. ‘ఇంత డల్‌గా వేశారేంటి’ అని అవతలి పిల్లలు రాస్తే మావాళ్లు ముఖాలు మాడ్చుకున్నారు. ఎట్లా తీయాలి?

కెమెరా పిచ్చోడు: ఏ ఫోన్? ఏ వెలుతురు? కాగితమా, కాన్వాసా?

రిటైర్డ్ హెచ్.ఎం.: రంగుల సంగతి తర్వాతమ్మా. తల్లిదండ్రుల అనుమతి ఉందా? 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. బొమ్మ మీద పేరు, తరగతి కనబడకూడదు. మా రోజుల్లో గోడకు అంటించేవాళ్లం, ఏ గొడవా లేదు.

డ్రాయింగ్ టీచర్: సంతకాలు తీసుకున్నాం సార్, పేర్లు పెట్టం. కాగితం కాదండీ, కలంకారీ బట్ట. శ్రీకాళహస్తి పక్కనే ఉన్నాం, ఇంకేం వేస్తాం?

కెమెరా పిచ్చోడు: అది ముందు చెప్పాలి కదా మేడమ్! కరక్కాయ, పాలలో నానిన బట్ట లేత పసుపుగా ఉంటుంది. ఫ్రేమంతా అదే నిండితే ఫోన్ ఆ పసుపును లైటు దోషం అనుకుని నీలం కలిపేస్తుంది. వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురును బట్టి రంగుల్ని సరిచేసే సెట్టింగ్, ఆటోలో వదలకండి. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే పగటి వెలుతురు గుర్తు మీద పెట్టి, ట్యూబ్‌లైట్ ఆర్పేసి, కిటికీ పక్కన తీయండి. లేదంటే బట్ట అంచున తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగా కనబడేదాకా ఎడిట్‌లో సరిచేసి, తర్వాత కత్తిరించండి. పంపేది డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

రిటైర్డ్ హెచ్.ఎం.: డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో తీసిన చోటు వివరం కూడా దాంతోపాటే అవతలికి వెళ్తుంది. కెమెరాలో లొకేషన్ ఆపించండి.

కెమెరా పిచ్చోడు: అది నిజమే సార్.

పెడన అల్లుడు: పిల్లలు కలంతో గీశారా, అచ్చులు వేశారా? మా వైపు చెక్క అచ్చులతో వేసేదీ కలంకారీయే.

కాళహస్తి: కలం పట్టనిది కలంకారీ ఎట్లా అవుతుందప్పా?

పెడన అల్లుడు: రెండింటికీ జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని చెప్పే ప్రభుత్వ గుర్తింపు) ఉంది, చూసుకోండి.

కాళహస్తి: గుర్తింపు వేరు, చేతి గీత వేరు.

డ్రాయింగ్ టీచర్: తెల్ల కాగితం పెట్టి తీశా. పసుపు వచ్చింది, ఎరుపు ఇంకా కొంచెం తేడాగానే ఉంది. రేపు కిటికీ దగ్గర చూస్తా. థ్యాంక్స్ అండీ.

పెడన అల్లుడు: అచ్చు చెక్కడం కూడా చేతి పనే కదా అన్నా?